అపకీర్తి పాలైన ఆటగాండ్రు

మా చిలకలూరిపేటలో పత్తి వ్యాపారము చేయు మిత్రు లొకరి యింట ఎఱ్ఱగుడ్డ అట్టగల పాత చిట్టా పుస్తక మొకటి కలదు. అందు లెక్కలు లేవు. మిత్రుడు బాల్యమున తండ్రిగారి కొట్టునుండి దానిని తెచ్చుకొని, పత్రికలలో పడిన క్రికెట్టు ఆటగాండ్ర చిత్రములను, బబుల్‌గమ్ము పొట్లములలో వచ్చెడి చిన్న చీట్లను మైదాపిండి జిగురుతో అందంటించి పెట్టుకొనెను. 2025 వేసవిలో ఆయన కుమార్తె, పండ్రెండేండ్ల బాలిక, ఆ పుస్తకమును తిరుగవేయుచు ఒకచోట రెండు పుటలు ఒకదాని కొకటి అతుకుకొని యుండుట చూచెను. చెమ్మకు అతుకుకొన్నవని తలచి విడదీయబోగా తండ్రి వారించెను. అవి తమంత తామే అతుకుకొన్నవి కావు. 2000 సంవత్సరము డిసెంబరు మాసములో ఇంటి పెద్దాయన కోపించి ఆ పుటను చింపి పారవేయు మనగా, కుమారునకు చేతులు రాక, చింపుటకు మాఱుగా జిగురు పూసి మూసివేసెనట.

"లోపల ఎవరున్నారు నాన్నా?" అని బాలిక యడిగెను. "అజహరుద్దీన్" అని తండ్రి చెప్పెను. "ఆయన మంచివాడా, చెడ్డవాడా?" అను రెండవ ప్రశ్నకు ఆయనయొద్ద జవాబు లేకపోయెను. ఆ సాయంకాలమే ఆ ప్రశ్న మా యింటికి నడచి వచ్చినది.

బంతియాటను గూర్చి యింత విచారమేల యని మా చదువరులలో కొందఱకు తోపవచ్చును. కాని మన గుంటూరు, పల్నాటి సీమలలో ఆట యనగా పందెము, పందెమనగా తాకట్టు పడిన పుస్తెలతాడు. సంక్రాంతి కోళ్ళపై కట్టు పందెములు చాలవన్నట్లు నేడు క్రికెట్టు మీద కూడ చేతిలోని ఫోనునుండియే పందెములు కట్టి, మిరప అమ్మిన సొమ్మంతయు ఒక్క రాత్రిలో పోగొట్టుకొను పిల్లల తల్లిదండ్రుల దుఃఖము మే మెఱుగనిది కాదు. కావున పందెపు మచ్చ సోకిన ఆటగానిని ఎట్లు తలచుకొనవలెనను ప్రశ్న గృహములకు సంబంధించినదే.

ముందుగా ఆ మూసిన పుటలో నున్న మనిషి చరిత్రము. మహమ్మద్ అజహరుద్దీన్ 1963 ఫిబ్రవరి 8వ తేదీని హైదరాబాదులో జన్మించెను. అచ్చటి ఆల్ సెయింట్సు పాఠశాలలోను, నిజాము కళాశాలలోను చదివెను. 1984 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ తోటలో ఇంగ్లాండుతో మొదలైన టెస్టు ఆయనకు మొదటిది. అందు 110 పరుగులు తీసెను. తరువాత మద్రాసులో 105, కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టులలో మూడు శతకములు అంతకుముందు ఏ దేశపు ఆటగాడును చేసి యుండలేదు. మాట తక్కువ, నడక వంగుడు, మెడలో తాయెత్తు. బ్యాటు పట్టుకొన్నంతనే ఆ మనిషి మాఱిపోవు చుండెను. ఆఫ్ వైపు పోవలసిన బంతిని మణికట్టు త్రిప్పి లెగ్ వైపునకు పంపుట ఆయన విద్య. బలముతో గాక ఒడుపుతో కొట్టుట హైదరాబాదు వారికి ఎం. ఎల్. జయసింహ నాటినుండి వచ్చుచున్న సంప్రదాయము. అజహరుద్దీన్ దానిని లోకమంతట చూపెను.

1990లో లార్డ్సు మైదానమున 121, 1996లో కలకత్తాలో దక్షిణాఫ్రికాపై 74 బంతులలో శతకము, 1997 జనవరిలో కేప్‌టౌనున సచిన్ టెండూల్కరుతో కలసి 222 పరుగుల భాగస్వామ్యము: వీనిలో ఏ యొక్కటి చూచినవారును దానిని మఱువలేదు. మూడు ప్రపంచకప్పులలో, అనగా 1992, 1996, 1999 సంవత్సరములలో, భారత జట్టునకు ఆయనయే నాయకుడు. 47 టెస్టులకు నాయకత్వము వహించి 14 గెలిపించెను. 1986లో అర్జున పురస్కారము, 1988లో పద్మశ్రీ లభించెను. ఆయన ఆడిన టెస్టులు 99, తీసిన పరుగులు 6,215, శతకములు 22. 2000 మార్చిలో బెంగుళూరున ఆడిన 99వ టెస్టు నందును 102 పరుగులు తీసెను. నూఱవ టెస్టు ఆడు భాగ్యము లేకపోయెను.

ఏల లేకపోయెననగా, మఱుమాసమే ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా నాయకుడైన హాన్సీ క్రోన్యే పందెగాండ్రతో మాటలాడిన టెలిఫోను సంభాషణలను బయటపెట్టిరి. క్రోన్యే మొదట కాదనెను, పిదప ఒప్పుకొనెను. ఆ దేశమున జరిగిన కింగ్ విచారణ సంఘము నెదుట, 1996లో కాన్పూరునందు తన కొక పందెగానిని పరిచయము చేసినది అజహరుద్దీనే యని చెప్పెను. అజహరుద్దీన్ దీనిని ఖండించెను. మన కేంద్రప్రభుత్వము సి.బి.ఐ. వారిచే విచారణ జరిపించెను. 2000 నవంబరులో వెలువడిన వారి నివేదిక, ఆయనకు పందెగాండ్రతో సంబంధము కలదనియు, ఆటలను ముందే తీర్చుట కాయన సొమ్ము పుచ్చుకొనెననియు చెప్పెను. ఆయన మరల కాదనెను. ఆటగాండ్రపై సి.బి.ఐ. న్యాయస్థానమున నేరాభియోగము మోపలేదు. శిక్షించు పని క్రికెట్టు బోర్డు చేతికి వచ్చెను. డిసెంబరు 5వ తేదీని బోర్డువారు అజహరుద్దీనును, అజయ్ శర్మను యావజ్జీవము, అజయ్ జడేజాను, మనోజ్ ప్రభాకరును అయిదేండ్లు ఆటనుండి బహిష్కరించిరి. మా మిత్రుని పుస్తకమున జిగురు పడినది ఆ వారముననే.

ఆనాటి కోపము మాకును జ్ఞాపకమున్నది. మా పేటలో ఒక క్షౌరశాల గోడమీది చిత్రమును యజమాని త్రిప్పి గోడవైపునకు తగిలించెను. బొమ్మ వెనుక అచ్చుపడిన బూట్ల ప్రకటన చాలకాలము మాకు కనబడుచుండెడిది. జనులకు కోపము వచ్చుటలో అన్యాయము లేదు. ఓడిన ఆటకు గుండెలు బాదుకొని అన్నము మానివేసిన వారికి, ఆ యోటమి ముందే అమ్ముడు పోయినదేమో యను అనుమానము కలిగెను. ఆ యనుమానము ఒక్క ఆటతో ఆగునది కాదు. వెనుకటి ఆటల నన్నిటిని పట్టి పీడించును. పందెపు టాట చేయు నిజమైన హాని యిదియే యని మా తలంపు. అది సొమ్మునే కాదు, జ్ఞాపకములను కూడ దొంగిలించును.

అయితే కథ అచ్చట ముగియలేదు. అజహరుద్దీన్ న్యాయస్థానములకు వెళ్ళెను. పండ్రెండేండ్ల పిదప, 2012 నవంబరు 8వ తేదీని, ఆంధ్రప్రదేశ్ హైకోర్టువారు ఆ నిషేధము చట్టరీత్యా నిలువదని తీర్పు చెప్పి కొట్టివేసిరి. అప్పటి కాయన వయస్సు నలువది తొమ్మిది. బ్యాటు పట్టు ప్రాయము దాటిపోయినది. మేమా చిట్టా పుస్తకమును చేతబట్టుకొని పరీక్షించితిమి. 2000 నాటి పత్రికా ఖండము, నిషేధపు వార్త, మూసిన పుట వెనుకనే యంటింపబడి యున్నది. 2012 నాటి తీర్పు వార్త యెచ్చటను లేదు. మిత్రుని అడుగగా, అట్టి తీర్పు వచ్చినట్లు తమకు తెలిసినను దానిని కత్తిరించి దాచుట తోపలేదని సిగ్గుతో చెప్పిరి. ఆయన నేల తప్పుపట్టవలెను? అపవాదును అందఱును భద్రపఱతురు. దానిని త్రోసివేసిన మాటను భద్రపఱచువారు అరుదు. ఇరుగుపొరుగున ఒక స్త్రీపై పడిన నింద అబద్ధమని తేలిన పిదప గూడ ఆమెను చూచి గొంతు తగ్గించు మన వీధుల కిది క్రొత్త సంగతి కాదు.

తీర్పునకు పూర్వమే జనులలో కొందఱు తమ తీర్పు చెప్పియుండిరి. 2009లో ఉత్తరప్రదేశములోని మొరాదాబాదు వారు ఆయనను లోకసభకు ఎన్నుకొనిరి. 2016లో ఆయన జీవితమును బట్టి హిందీలో చలనచిత్రము వచ్చెను. పద్మశ్రీని ఎవరును వెనుకకు తీసికొనలేదు. జనాదరణము నిజమే, గాని అది గౌరవమునకు కొలబద్ద కాగలదా? దక్షిణాఫ్రికాలో క్రోన్యే తన నోటనే తప్పొప్పుకొన్నవాడు. 2002 జూన్ 1వ తేదీని విమాన ప్రమాదమున మరణించెను. రెండేండ్ల పిమ్మట ఆ దేశపు టెలివిజను సంస్థ గొప్ప దక్షిణాఫ్రికనులు ఎవరని జనులను వోట్లడుగగా, క్రోన్యేకు పదునొకండవ స్థానము దక్కెను. ప్రేమ లెక్కలు చూడదు. చూడవలసిన యవసరమును దానికి లేదు.

గౌరవము వేఱు. అది ఒక సంస్థ, ఒక ఊరు, ఒక రాజ్యము అందఱి పక్షమున ఇచ్చునట్టిది. కావున పుచ్చుకొనువాని యోగ్యతతో పాటు ఇచ్చువాని చేయి ఎట్టిదో కూడ చూడవలసి యుండును. ఈ సంగతి ఉప్పలులో బయటపడినది. 2019 సెప్టెంబరులో అజహరుద్దీన్ హైదరాబాదు క్రికెట్టు సంఘమునకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఆ డిసెంబరులోనే ఉప్పలు స్టేడియమునందలి ఉత్తరపు స్టాండునకు ఆయన పేరు పెట్టబడెను. ఒక క్లబ్బువారు దీనిపై ఫిర్యాదు చేయగా, సంఘపు అంబుడ్స్‌మన్ అయిన విశ్రాంత న్యాయమూర్తి ఈశ్వరయ్యగారు, అధ్యక్షపీఠమున నున్న వ్యక్తి తన పేరే పెట్టు నిర్ణయములో పాలుగొనుట తగదని, ఆ పేరు తీసివేయవలెనని 2025 ఏప్రిల్‌లో ఉత్తరువు చేసిరి. ఆ నెలాఖరులోనే తెలంగాణ హైకోర్టువారు ఆ యుత్తరువును తాత్కాలికముగా నిలిపిరి.

చదువరులు గమనింపవలసిన దేమనగా, ఈ వివాదమున 2000 నాటి పందెపు మాట లేనే లేదు. ఎన్నడును మచ్చపడని ఆటగాడైనను తాను కుర్చీలో నుండగా తన పేరు గోడకెక్కుట శోభింపదు. 99 టెస్టులాడి హైదరాబాదునకు వన్నె తెచ్చినవాని పేరొక స్టాండున కుండుట తగునా యని మమ్మడిగిన, హైకోర్టు నిషేధమును కొట్టివేసిన పిదప, తగుననియే మేము చెప్పుదుము. అయితే దానిని ఇతరులు ఇచ్చియుండవలసినది. కొంత ఆలస్యమైనను ఇతరులే ఇచ్చియుండెడివారు.

ఆ వేసవిలోనే, మే 13వ తేదీని, అమెరికాలో ఇట్టి తీర్పే యొకటి వెలువడెను. అచ్చటివారికి బేస్‌బాల్ అను ఆట మనకు క్రికెట్టు వంటిది. 1919లో ఆ దేశపు ప్రధాన పోటీలో షికాగో జట్టువారు ఎనమండుగురు సొమ్ము పుచ్చుకొని ఓడిరను నింద పడెను. 1921 ఆగస్టులో జ్యూరీవారు వారిని నిర్దోషులనిరి. మఱునాడే ఆటకు క్రొత్తగా నియమింపబడిన కమిషనరు, లాండిస్ అను న్యాయాధికారి, జ్యూరీ యేమన్నను సరే వీరిక ఆడరాదని శాశ్వతముగా వెలివేసెను. మన కథలో న్యాయస్థానము ఆఖరున వచ్చి నిషేధమును త్రోసివేసినది. వారి కథలో న్యాయస్థానము మొదటనే విడిచిపెట్టినను నిషేధము నిలిచినది. ఆ యెనమండుగురిలో జో జాక్సన్ అనునాతడు మిక్కిలి ప్రసిద్ధుడు. చదువు రానివాడు, చేవ్రాలు చేయుటయే కష్టము, పెక్కుమాఱులు భార్యయే ఆయన పేరు వ్రాయుచుండెడిది. అందుచేత ఆయన స్వహస్తపు చేవ్రాలు మిక్కిలి అరుదు. అట్టి చేవ్రాలున్న 1911 నాటి ఛాయాచిత్ర మొకటి 2021లో పదునాలుగు లక్షల డాలర్లకు పైగా వేలమున పోయెను. వెలివేయబడినందుననే వెల పెరిగినదా యని సందేహము కలుగును. కొంతవఱకు అంతే కావచ్చును.

పీట్ రోజ్ అను మఱియొక ఆటగాని కథ వేఱు. బంతిని 4,256 మాఱులు విజయవంతముగా కొట్టిన ఆయన లెక్కను దాటినవారు లేరు. తాను నడిపించు జట్టుమీదనే పందెములు కట్టెనని 1989లో ఆటనుండి వెలి యయ్యెను. పదునైదేండ్లు కాదు కాదనుచుండి 2004లో ఒప్పుకొనెను. పిమ్మట, పందెములు కట్టినందుకు క్షమింపుడని బంతులపై వ్రాసి చేవ్రాలు చేసి అమ్మెను, కొనువారు కొనిరి! పశ్చాత్తాపమును సరకుగా అమ్ముట మాకు రుచింపలేదు. ఆయన 2024 సెప్టెంబరు 30వ తేదీని మరణించెను. ఆటను పాలించువారు ఆలోచించి, మరణముతో నిషేధము తీరునని 2025 మేలో ప్రకటించి జాక్సనును, రోజును ఆ పట్టికనుండి తొలగించిరి. పగ మరణముతో తీరునని రావణుని దహనసంస్కారమునకు వెనుదీసిన విభీషణునితో శ్రీరాముడు పలికిన మాట మన యిండ్లలో తెలియనివారు లేరు గదా. అయితే రాముడు రావణునకు సంస్కారము చేయింపు మనెనే గాని లంకలో స్తంభమెత్తింపు మనలేదు.

కూపర్స్‌టౌను అను నచ్చటి యూరిలో బేస్‌బాల్ వీరుల మందిర మొకటి కలదు. అందు రెండు విధములైన గదులున్నవి. ఒకదానిలో ఎన్నికైన వీరుల కంచుఫలకములు మాత్రమే యుండును. తక్కిన వానిలో ఆట చరిత్రకు సంబంధించిన వస్తువులన్నియు నుండును. జాక్సను బూట్లు, రోజు వాడిన వస్తువులు ఈ రెండవ గదులలో చిరకాలముగా కలవు. మొదటి గదిలో వారి ఫలకములు మాత్రము పెట్టలేదు. అంతకంటె విచిత్రమైన వస్తువు మఱియొకటి యున్నది. బ్యారీ బాండ్స్ అను నాటగాడు బలము పెంచు మందులు వాడెనను అపవాదుల నడుమ 2007లో పాత రికార్డును దాటించిన బంతిని ఒక వర్తకుడు ఏడున్నర లక్షల డాలర్లకు కొని, దాని నేమి చేయవలెనని జనులనే అడిగెను. గుర్తు వేసి మందిరమున కిమ్మని యెక్కువమంది చెప్పిరి. బంతిమీద నక్షత్రపు గుర్తు కోసి ఇచ్చివేసెను. పారవేయలేదు, తుడిచి పెట్టను లేదు. మన కొట్లలో గుమాస్తాలు చేయు పనియు నదియే: చిట్టాలో తప్పు పడిన అంకెను గీకి చెరుపరాదు, కనబడునట్లు గీత గీసి ప్రక్కన వ్రాయవలెను. గీకిన చిట్టాను ఏ లెక్కలవాడును నమ్మడు.

ఇంతదూరపు దృష్టాంతములకు పోనేల? మా చిలకలూరిపేట 2022 ఏప్రిల్ నుండి పల్నాడు జిల్లాలో చేరినది. ఆ పల్నాటి పేరు చెప్పిన వెంటనే తెలుగువారికి గుర్తు వచ్చు యుద్ధము పండ్రెండవ శతాబ్దమున ఒక పందెముతోనే మొదలైనదని ఐతిహ్యము. గురజాల నలగామరాజు పక్షమున నాయకురాలు నాగమ్మ, మాచర్ల మలిదేవరాజు పక్షమున బ్రహ్మనాయుడు కోళ్ళను పందెమునకు దింపిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. నాగమ్మ మోసముచే గెలిచెనని వీరగాథ చెప్పును. మాచర్లవారు వలసపోయిరి, గడువు తీరిన పిదప రాజ్యము తిరిగి రాలేదు, కారెంపూడి యుద్ధభూమిలో నాగులేటి యొడ్డున ఉభయపక్షముల వీరులును నేలగూలిరి.

నేటికిని కార్తికమాసము చివర కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగును. నానాగ్రామములనుండి వీరాచారవంతులు తమ యింటి వీరుల ఆయుధములను, కొణతములను, మోసికొని వచ్చి వీరుల గుడియొద్ద నిలుపుదురు. పండుగ అయిదు దినములు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కోడిపోరు నాలుగవ దినము. ఏ యాటలో మోసము జరిగినదని వారి గాథ చెప్పుచున్నదో, ఏ యాటలో తమ పెద్దలు మోసపోయి సర్వము కోల్పోయిరో, ఆ యాటకే తిరునాళ్ళలో ఒక దినము కేటాయించి యుంచిరి. శతాబ్దములుగా దానిని ఎవరును పండుగనుండి తీసివేయలేదు. కొణతములు వీరులవి, కోడికి గుడి కట్టలేదు. ఇక నాగమ్మ సంగతి. గాథ ఆమెను కపటురాలినిగా చెప్పినను, ఆ కాలమున మంత్రిణియై రాజ్యము నడిపిన స్త్రీ యని ఆమెను మెచ్చువారు నేడు పెక్కురు. గాథను పాడినవారు బ్రహ్మనాయుని పక్షమువారు గనుక ఆమెకు పూర్తి న్యాయము జరిగియుండ దనుటలో మాకు సందేహము లేదు. ఆమె పక్షమున తీర్పు చెప్పు న్యాయస్థానము పుట్టుటకు ఎనిమిది వందల యేండ్లు పట్టినది.

మా మిత్రునితో మేము చెప్పిన దిది. పుట తెఱచుట ఆ మనిషికి హారతి పట్టుట కాదు. బొమ్మ దాచుకొనుట బొమ్మకు మ్రొక్కుట కాదు. కూపర్స్‌టౌనున రెండవ గది యున్నట్లు, కారెంపూడిలో నాలుగవ దినమున్నట్లు, మీ చిట్టాలో ఆ పుట యుండవలెను. బాలిక యడిగిన ప్రశ్నకు, మంచివాడా చెడ్డవాడా యనుటకు, ఒక్క మాటలో బదులు చెప్పవలదు. ఏమి చేసెనో, ఆయనపై ఏమి చెప్పిరో, ఆయన ఏమనెనో, న్యాయస్థానము తుదకు ఏమని తీర్చెనో, ఆ వరుసతప్పక చెప్పుడు. ఆ బాలిక పండ్రెండేండ్లది, తూచుకొనగలదు. ఆ మాటకు మిత్రుడు నవ్వి, "మా నాన్నగారుంటే నన్నూ మిమ్మల్నీ కలిపి తిట్టేవారండీ" అనెను. నిజమే. ఆ పెద్దాయన 1996లో కలకత్తాలో మన జట్టు ప్రపంచకప్పు సెమీఫైనలు ఓడిన రాత్రి భోజనము మానినవాడు. ఆయన కోపమునకు మూలము ప్రేమయే. ఆ కోపమును గూడ చిట్టాలో వ్రాయవలసి యున్నది.

మఱునాడు ఇత్తడి పళ్ళెములో గోరువెచ్చని నీళ్ళు పోసి, తడిగుడ్డ వేసి, తల్లియు బిడ్డయు గంటసేపు ఓపిక పట్టి ఆ పుటలను విడదీసిరి. ముఖము సగము ఎదుటి పుటకు పోయినది. బ్యాటు, మణికట్లు, మెడలోని తాయెత్తు చెడలేదు. బాలిక క్రింద తన చేవ్రాతతో 1984 డిసెంబరు, 2000 డిసెంబరు, 2012 నవంబరు అని మూడు తేదీలు వేసి, ఒక్కొక్కదాని ప్రక్క ఒక్కొక్క పంక్తి వ్రాసెను. 2012 నాటి వార్త కొఱకు తండ్రి పాత పత్రికల కట్టలు వెదకించుచుండెను. అక్టోబరు 31వ తేదీని అజహరుద్దీన్ తెలంగాణ మంత్రిగా ప్రమాణము చేసెనని విని, పెన్సిలుతో నాలుగవ పంక్తియు చేర్చెనట.